లిల్లీ గడ్డలు రెండో ఏడు పూయలేదు. వీటి వంశం తెలిసినవాళ్ళు చెప్తారా?

మిద్దెతోట_బనశంకరి
అందరికీ నమస్కారం. బెంగళూరు బనశంకరిలో మూడో అంతస్తు మీద మా మిద్దె తోట. నిరుడు నవంబరులో ఆన్‌లైన్లో పది లిల్లీ గడ్డలు తెప్పించాను. ఓరియంటల్ అని రాసినవి నాలుగు, ఎల్‌ఏ అని రాసినవి ఆరు. మొదటిసారి అన్నీ పూశాయి. గులాబీ రంగు ఓరియంటల్ విచ్చుకున్న రాత్రి వాసన కింది మెట్ల దాకా వచ్చింది. పూలయ్యాక ఆకులు పండేదాకా నీళ్ళు పోసి, గడ్డల్ని కుండీల్లోనే ఉంచేశాను. ఈ ఏడు ఎల్‌ఏల్లో నాలుగు మళ్ళీ పూశాయి. ఓరియంటల్ ఒక్కటీ మొగ్గ తొడగలేదు, రెండు కుళ్ళిపోయాయి. ఒకే మట్టి, ఒకే ఎండ, నీళ్ళు పోసింది నేనే. అమ్మినవాళ్ళని అడిగితే "అన్నీ లిల్లీలే మేడమ్, ఎరువు వెయ్యండి" అన్నారు. తేడా వీటి పుట్టుకలోనే ఉందని నా అనుమానం. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

గుంటూరు_కేఆర్‌పురం
అక్కా, మా ఊళ్ళో లిల్లీ అంటే దండల్లో గుచ్చే తెల్లపూలు. ఇక్కడ మార్కెట్లో సుగంధరాజ అంటారు. మా ఇంట్లో అవి చలీ ఎండా చూడకుండా పూస్తూనే ఉంటాయి. మీరు చెప్పేది అదేనా?

పూలబడి_యలహంక
కాదమ్మా. ఆ దండపూవు పుట్టిల్లు మెక్సికో, కిత్తనారకు దగ్గరి చుట్టం. మన హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళు ఒంటిరెక్క సింగిల్‌ని ముద్దపూల డబుల్‌తో కలిపి శృంగార్ అనే రకం, ఆ శృంగార్‌ని మెక్సికన్ సింగిల్‌తో కలిపి ప్రజ్వల్ అనే రకం తెచ్చారు. మీ ఇంట్లో ఉన్నది ఆ కోవదే కావచ్చు. వాన పడగానే పూసే రెయిన్ లిల్లీ, తెల్ల స్పైడర్ లిల్లీ ఇంకో కుటుంబం. కలువనైతే వాటర్ లిల్లీ అని పేరుకే అంటాం.

అసలు లిల్లీ అంటే లిల్లియం ప్రజాతి. దాదాపు 100 జాతులు, అడవిలో అన్నీ భూమికి ఉత్తరార్ధంలోనే పుట్టాయి. గడ్డ చేతిలోకి తీసుకుంటే తెలిసిపోతుంది. ఉల్లిపాయకున్నట్టు పైన ఎండుపొర ఉండదు, చేప పొలుసుల్లా రెబ్బ మీద రెబ్బ పరుచుకుని ఉంటుంది.

బనశంకరి గారూ, మీ అనుమానం సరైనదే. ఓరియంటల్ పూర్వీకుల్లో ముఖ్యమైనవి ఆరాటమ్, స్పెసియోసమ్. రెండూ జపాన్‌వి. ఆరాటమ్ అక్కడ అగ్నిపర్వతపు బూడిద నేలల వాలుల్లో పెరుగుతుంది. నీరు చుక్క నిలవదు, చలికాలం గట్టిగా ఉంటుంది. అలాంటి గడ్డ మన వానలకి కుండీలో నానితే కుళ్ళక ఏం చేస్తుంది? ఎల్‌ఏలో ఎల్ అంటే లాంగిఫ్లోరమ్, తెల్లటి బాకా పువ్వు. దాని ఊరు రియూక్యూ దీవులు, తైవాన్. సముద్రపు గాలిలో, పెద్దగా చలి ఎరగని చోట పెరిగింది. దాని అంశ ఉండబట్టే మీ ఎల్‌ఏలు తట్టుకుని ఉంటాయని నా అభిప్రాయం.

పాలీహౌస్_దొడ్డబళ్ళాపుర
నేను ఈ పూలు పెంచే చోట పనిచేస్తాను. గడ్డలు హాలండ్ నుంచి వస్తాయి, ఒక కోత కోశాక మేము మళ్ళీ వాడం, కొత్తవే తెప్పిస్తాం. కాబట్టి రెండో ఏడు పూయించడం నిజంగా మీలాంటి వాళ్ళ ఘనతే.

ఎల్‌ఏ గురించి ఒక మాట. అందులో ఏ అంటే ఏషియాటిక్, అదో వేరే లిల్లీల గుంపు. లాంగిఫ్లోరమ్‌కీ ఏషియాటిక్‌కీ మామూలుగా పొత్తు కుదరదు. పుప్పొడి వేసినా లోపలి పిండం ఆహారం అందక చచ్చిపోతుంది. అందుకే కాయ ముదరకముందే పిండాన్ని బయటికి తీసి ల్యాబులో గాజుసీసాలో పెంచుతారు. అలా పుట్టిన మొదటి తరం చాలావరకు గొడ్డువే. ఎక్కడో కొన్ని మొక్కలు క్రోమోజోములు సగం కాకుండా పూర్తిగా ఉన్న పుప్పొడి ఇస్తాయి. దాన్ని మళ్ళీ ఏషియాటిక్‌తో కలిపితే 24కి బదులు 36 క్రోమోజోముల మొక్క వస్తుంది. మార్కెట్లో దొరికే ఎల్‌ఏలు చాలావరకు ఇవే. అంటే రెండు వంతులు ఏషియాటిక్, ఒక వంతే లాంగిఫ్లోరమ్. ఆ ఒక్క వంతుకే మీ మిద్దె మీద ఇంత బలం!

చిత్తూరు_మారతహళ్ళి
36 అంటే గింజ పట్టదు కదా అన్నా? మా నాయన చెప్పేవాడు, అరటికి గింజ లేకపోవడానికీ ఇదే ఒక కారణమని.

పాలీహౌస్_దొడ్డబళ్ళాపుర
అదే తమ్ముడూ. పన్నెండేసి క్రోమోజోముల సెట్లు మూడు ఉంటే జతలు సరిగ్గా కుదరవు. పులి చారల... కాదు, నల్ల చుక్కల నారింజ టైగర్ లిల్లీ కూడా ఎక్కువచోట్ల మూడు సెట్లదే. అది గింజకోసం ఎదురుచూడదు. ఆకు మొదట్లో మిరియం గింజంత నల్లటి బుడిపెలు వేస్తుంది. రాలిన ప్రతి బుడిపె ఒక మొక్క. రెండు సెట్ల రకం కొరియాలో దొరుకుతుంది.

క్రోమోజోములు రెట్టింపు చెయ్యాలంటే కోల్చిసిన్ అనే మందు వాడతారు.

చిత్తూరు_మారతహళ్ళి
కోల్చిసిన్ అంటే మన అగ్నిశిఖ గడ్డలో ఉండేది కదా! మా చేను గట్టు కంచె మీద ఎర్రగా పసుపుగా మంటలా పాకేది. గొర్రెలు తిని చచ్చిపోతాయని మా అవ్వ గడ్డతో సహా పెరికించేది. దాన్నీ గ్లోరీ లిల్లీ అనే అంటారే.

పూలబడి_యలహంక
అదే. పేరుకి లిల్లీ, కుటుంబం వేరు. విషం కాబట్టి దాని జోలికి వెళ్ళొద్దు. దాని మందు అసలు లిల్లీల సంకరాలకి పనికొచ్చిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

రూపం చూసి వంశం చెప్పలేమన్నది లిల్లీలు నేర్పినంత బాగా ఇంకే పువ్వూ నాకు నేర్పలేదు. 1949లో కాంబర్ అనే ఆయన ఆకు, గింజ, గడ్డల లక్షణాలు చూసి లిల్లియంని ఏడు విభాగాలు చేశారు. బాకా పూలన్నిటినీ ఒక్కచోట పెట్టారు. తర్వాత డీఎన్‌ఏ చదివితే లాంగిఫ్లోరమ్ ఒక కొమ్మ, చైనా సిచువాన్ లోయల రీగాలే ఇంకో కొమ్మ అని తేలింది. రెక్కలు వెనక్కి తిప్పుకుని, నారింజ రంగులో, బాకా పోలికే లేని హెన్రీ లిల్లీ ఏమో రీగాలే పక్కకి చేరింది. కానీ 1920లలోనే ఫ్రాన్సులో ఒకరు హెన్రీని బాకా లిల్లీతో కలిపి మొక్క తీశారు. ఆ చుట్టరికం పూలకి ముందే తెలుసు. ఇంకో సంగతి, ఆకులోని హరితరేణువుల డీఎన్‌ఏ సాధారణంగా తల్లి నుంచే వస్తుంది. కేంద్రకంలోది ఇద్దరిదీ. రెండూ పోల్చి చూస్తే తల్లెవరో తండ్రెవరో తేలుతుంది. లిల్లీ డీఎన్‌ఏ మనిషి డీఎన్‌ఏకి దాదాపు పదిరెట్లు, పని అంత తేలిక కాదు.

కొండదారి_జయనగర
ఇంత దూరపు ఊళ్ళ పేర్లు చదువుతుంటే ఒకటి చెప్పాలనిపించింది. వర్షాకాలం చివర్లో కోటగిరి దగ్గర గడ్డివాలు మీద నీలగిరి లిల్లీని చూశాను. నా నడుమెత్తు కాడ, చివర ఒకే పువ్వు, జానెడు పొడుగు తెల్లటి బాకా. లోపల అడుగున లేత పసుపు. మంచులో తడిసి తల కొద్దిగా వంచుకుని ఉంది. అడవి లిల్లీల్లో భూమ్మీద అన్నిటికన్నా దక్షిణాన పెరిగేది ఇదే, నీలగిరుల్లో, పళని కొండల్లో. దీని దగ్గరి చుట్టాలు హిమాలయాల్లో ఉన్నాయి. మణిపూర్ షిరుయి కొండ మీది లేత గులాబీ లిల్లీ కూడా మనదే. 1946లో కింగ్డన్ వార్డ్ అనే ఇంగ్లండు మొక్కల అన్వేషకుడు దాన్ని సేకరించాడు, ఆయన భార్య పుట్టింటి పేరు మీద మాక్లినియే అని పేరు పెట్టారు. దయచేసి కొండ మీద ఎవరూ గడ్డలు తవ్వకండి. ఒక్క గడ్డ పోతే ఆ వాలు మీద పువ్వే పోతుంది.

తోటపని_హెచ్‌ఎస్‌ఆర్
బనశంకరి గారూ, ఓరియంటల్‌కి చలి మనమే ఇవ్వాలి. ఆకులు పండాక గడ్డ తవ్వి, తడి పిండేసిన కొబ్బరి పొట్టులో పెట్టి, చిల్లులున్న కవర్లో రెండు నెలల పైన ఫ్రిజ్ కింది అరలో ఉంచాను. రెండోసారి పూసింది. అంతకుముందు ఏడు అదే అరలో ఆపిల్ పళ్ళు పెట్టాం. మొలక వచ్చింది గాని మొగ్గలు ఎండి రాలిపోయాయి. పళ్ళనుంచి వచ్చే ఇథిలీన్ వాయువు వాటికి చేటు.

మిద్దెతోట_బనశంకరి
అందరికీ చాలా థాంక్స్ అండీ. మిగిలిన రెండు ఓరియంటల్ గడ్డల్నీ ఈ ఆదివారం తవ్వాను. ఒకటి గట్టిగానే ఉంది, అది ఫ్రిజ్‌లోకి. రెండోదాని బయటి రెబ్బలు మెత్తబడ్డాయి, లోపలివి మంచివి. వాటిని ఒక్కొక్కటే విడదీసి తడి కొబ్బరి పొట్టులో నాటాను, రెబ్బ అడుగున పిల్లగడ్డలు వస్తాయని చదివాను. ఎవరైనా చేశారా? ఎన్నాళ్ళు పడుతుంది?

తోటపని_హెచ్‌ఎస్‌ఆర్
ఆరు నుంచి పది వారాలు చూడండి. పొట్టు తడిగా ఉండాలి, పిండితే నీరు కారకూడదు. వాటికి పువ్వు రావడానికి మాత్రం రెండు మూడేళ్ళు.