25 లక్షలు అడగడానికి వెళ్తే లక్షా నూట పదహార్లు ఇచ్చారు, ఎక్కడ తప్పు చేశాను?

బెజవాడ అమ్మాయి:

అందరికీ నమస్తే. వరదలు, తుపాన్లు వచ్చినప్పుడు సాయం చేసే ఒక సంస్థలో పదకొండేళ్ళు ఫీల్డ్‌లో పనిచేశాను. టార్పాలిన్లు, బియ్యం కిట్లు, మెడికల్ క్యాంపులు, ఇదే నా లోకం. ఏప్రిల్‌లో మా డైరెక్టర్ గారు పిలిచి "పెద్ద దాతల పని ఇక నువ్వే చూసుకోవాలి" అన్నారు. పెద్ద దాతలంటే ఇన్నాళ్ళూ ఆయన ఫోన్‌లో ఉన్న నలభై నంబర్లు. అవి నాకు పంపారు గానీ ఎవరు ఎందుకు ఇస్తారో, ఎవరికి మా మీద ఏ అలక ఉందో ఎక్కడా రాసి లేదు.

మొన్న చీమకుర్తి వెళ్ళాను. గ్రానైట్ వ్యాపారం చేసే పెద్దాయన. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మేం అడక్కముందే ఒక లారీ మంచినీళ్ళు పంపారు. ఆ ధైర్యంతోనే వెళ్ళాను. రెండు ఇంజను పడవలు, లైఫ్ జాకెట్లు, సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ కుర్రాళ్ళకు శిక్షణ, మూడేళ్ళ నిర్వహణ, అన్నీ కలిపి 25 లక్షలు.

ఆఫీసులో టేబుల్ నిండా రాతి శాంపిల్ ముక్కలు. మా 21 పేజీల రిపోర్టు పెట్టడానికి చోటు లేక ఆయనే రెండు ముక్కలు పక్కకు జరిపారు. ఫొటోలు చూడనే లేదు. గబగబా పేజీలు తిప్పి, బడ్జెట్ దగ్గర ఆగి, 'సిబ్బంది జీతాలు' అన్న వరుస మీద వేలు పెట్టారు. "ఏందమ్మాయ్, నా డబ్బులు మీ జీతాలకా?"

నాకు నోట మాట రాలేదు. "అంటే సార్... కోఆర్డినేటర్..." అని ఏదో నసిగాను. నేనూ జీతం తీసుకునే మనిషినే కదా, అక్కడ గుచ్చుకుంది. ఆయన మాత్రం కోప్పడలేదు. టీ తెప్పించారు, మా అమ్మానాన్నల గురించి అడిగారు, లేచేటప్పుడు కవరు ఇచ్చారు. ఒంగోలు బస్సులో విప్పి చూస్తే 1,00,116 రూపాయల చెక్కు.

చిన్న మొత్తం అని కాదు నా బాధ. అసలు నేను అడిగింది ఆయనకు చేరిందా అని. జీతాల ప్రశ్నకు మీరైతే ఏం చెప్తారు? మళ్ళీ వెళ్ళొచ్చా? ఇంకొకటి, వాళ్ళబ్బాయి అమెరికాలో ఉన్నాడట, "వాణ్ణి కూడా అడుగు" అన్నారు.

పాతకాపు:

అమ్మా, ఇరవై రెండేళ్ళు ఇదే పని చేసి రిటైరయ్యాను. ఆ చెక్కు మీద పదహార్లు చూశావా? పదహార్లు మనం ఎక్కడ రాస్తాం? పెళ్ళిలో, గృహప్రవేశంలో. గడప తొక్కిన ఆడపిల్లను ఉత్త చేతులతో పంపకూడదని ఆయన చదివింపు చదివించారు. నీ పడవలకు ఇచ్చిన డబ్బు కాదది. అంటే పడవల మాట ఆయన కాదననూ లేదు, అవుననూ లేదు. అలాగే ఉంది.

జీతాల సంగతి. క్వారీలో కోటి రూపాయల మెషిను ఉన్నా ఆపరేటర్ రాని రోజు ఏమవుతుందో ఆయనకు నీకంటే బాగా తెలుసు. "అవును సార్, జీతాలకే. పడవ కొనిచ్చి తాళం వేసి పెడితే రెండో ఏడు ఇంజను పట్టేస్తుంది. నెలకోసారి దాన్ని స్టార్ట్ చేసి, నీళ్ళలో దింపే మనిషికి ఇచ్చేది ఇది" అని నిబ్బరంగా చెప్పు. నసిగితే మాత్రం ఏదో దాస్తున్నామనే అనుకుంటారు. ఎవరైనా అంతే అనుకుంటారు.

ఇంకో మాట, దీనికి నేను చాలా మూల్యం చెల్లించాను. అంకె చెప్పాక నోరు మూసుకోవాలి. కొత్తలో నేను "పది లక్షలు సార్" అనేసి, ఆ తరువాతి నిశ్శబ్దం భరించలేక "పోనీ మీకు వీలైనంత" అనేవాణ్ణి. అవతలి మనిషి మనసులో లెక్క వేసుకుంటుంటే మధ్యలో దూరి తగ్గించేవాణ్ణి నేనే! ఫ్యాన్ చప్పుడు వింటూ కూర్చోవడం నేర్చుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

మళ్ళీ తప్పకుండా వెళ్ళు. రసీదు పోస్టులో పంపకు, చేత్తో పట్టుకెళ్ళు. ఆ రోజు డబ్బు మాట ఎత్తకు. నీళ్ళ లారీ ఎందుకు పంపారో అడుగు. వయసు చెప్పలేదు గానీ, అరవై దాటి ఉంటే 1977 నవంబరు దివిసీమ ఉప్పెన చూసిన మనిషి అయి ఉండొచ్చు. ఆ తరంలో నీళ్ళంటే ఒక భయం ఉంటుంది. ఆ 21 పేజీలు ఇంట్లో వదిలెయ్. ఫీల్డ్ మనిషికి అన్ని పేజీలు ఎందుకమ్మా?

గుంటూరు ఆడిటర్:

భావాల సంగతి పెద్దలు చెప్పారు, నేను కాగితాల సంగతి చెప్తా. చెక్కు ఎవరి ఖాతా నుంచి వచ్చిందో ముందు చూడండి. గ్రానైట్‌లో భాగస్వామ్య ఫర్మ్‌లు కూడా ఉంటాయి. లాభాల్లో 2 శాతం సమాజ సేవకు ఖర్చు పెట్టాలనే సీఎస్ఆర్ నిబంధన కంపెనీలకే, ఫర్మ్‌లకు కాదు. కంపెనీ అయితే, దానికి ఆ బాధ్యత ఉంటే, ఆ డబ్బు తీసుకోవడానికి మీ సంస్థకు సీఎస్ఆర్-1 అనే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి.

విరాళానికి పన్ను మినహాయింపు (80జి) ఉందని గొప్పగా చెప్పకండి. ఆయన వ్యక్తిగతంగా కొత్త పన్ను పద్ధతిలో ఉంటే అది దొరకదు. ఫర్మ్ ఇస్తే ఆ చిక్కు లేదు. 2,000 దాటిన నగదుకు ఎలాగూ వర్తించదు. నీళ్ళు, బియ్యం లాంటి వస్తువులకు కూడా లేదు, ఆ లారీకి 80జి రసీదు అడిగితే కుదరదని మొహమాటపడకుండా చెప్పండి.

అబ్బాయి విషయంలో ఒకటే ప్రశ్న: పాస్‌పోర్టు ఏ దేశానిది? ఇండియాదే అయితే తన బ్యాంకు ఖాతా నుంచి మామూలుగా పంపొచ్చు. అమెరికా పౌరుడైతే, విదేశీ పౌరులైన మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళం కిందికే వస్తుంది. మీకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ఆ ప్రత్యేక ఖాతాలోనే పడాలి. 2020 సవరణ తరువాత ఇంకో దారి లేదు. పొరపాటున లోకల్ ఖాతాలో వేయించుకుంటే తలనొప్పి మీకే.

డాలస్ నుంచి:

నేను ఇచ్చే వైపు మనిషిని, ఆ కోణం కూడా వినండి. ఒక సంస్థకు నాలుగేళ్ళు ఇచ్చి మానేశాను. ఎవరూ మోసం చేయలేదు. సంక్రాంతికి శుభాకాంక్షలు, కింద అకౌంట్ నంబరు. ఉగాదికి శుభాకాంక్షలు, కింద అకౌంట్ నంబరు. నా డబ్బుతో ఏం చేశారో మాత్రం చెప్పలేదు.

ఇంకో సంస్థ అమ్మాయి ఒకసారి ఫోన్ చేసి "అన్నా, మీరిచ్చిన డబ్బుతో కొన్న వాటర్ ఫిల్టర్లలో కొన్ని లీకవుతున్నాయి, వెనక్కి పంపాం, రెండు నెలలు ఆలస్యం" అంది. ఆ ఏడాది వాళ్ళకు రెట్టింపు పంపాను. మా ఆవిడ నవ్వింది, పాడైన వస్తువుకి ప్రైజ్ ఇచ్చావా అని.

బెజవాడ అమ్మాయి:

మళ్ళీ వెళ్ళొచ్చాను. రసీదు తప్ప ఏమీ పట్టుకెళ్ళలేదు.

పాతకాపు గారూ, దివిసీమ ఏం కాదండి. "మా వియ్యంకుడిది వాటర్ ప్లాంటు, ఆ రోజు లారీ ఖాళీగా ఉంది, పంపినా" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆ తరువాత ఆయనే అడిగారు, "అయినా ఆ నీళ్ళు ఎవరికి చేరినయ్?" అని.

ఆ రోజు సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర లారీ దింపించింది నేనే. డాలస్ గారి మాట గుర్తొచ్చి ఉన్నది చెప్పేశాను. చాలా బాటిళ్ళు ఫ్లైఓవర్ చుట్టుపక్కలే అయిపోయాయి సార్, లోపలి వీధులకు తీసుకెళ్ళడానికి మా దగ్గర పడవ లేదు, అద్దెకు దొరికిన ఒక్క పడవ సాయంత్రానికి ఇంకెవరో పట్టుకుపోయారు అని. ఎదురుగా ఒక పెద్దావిడ మేడ మీద నుంచి ఖాళీ బిందె ఊపుతూ ఉంటే చూస్తూ నిలబడ్డాను అని కూడా చెప్పాను. ఇన్నాళ్ళు ఎవరికీ చెప్పలేదు అది.

ఆయన ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. ఫ్యాన్ చప్పుడు వింటూ కూర్చున్నాను, ఒట్టు!

కాసేపటికి "ఈ ఆదివారం బెజవాడ వస్తా, ఆ వీధులు చూపియ్" అన్నారు. ఇప్పుడేముంది సార్ చూడటానికి, నీళ్ళూ లేవు, పడవా లేదు అన్నాను. "నీళ్ళు ఎంత ఎత్తు వచ్చినయ్యో గోడల మీద మరక ఉంటదిగా, అది చూస్తా" అన్నారు.