‘నాన్ ఇన్‌ఫీరియారిటీ’కి ‘తీసిపోదు’ అనొచ్చా?

ప్రశ్న (భీమవరం): రక్తంలో బాక్టీరియా చేరినవాళ్లకి ఇచ్చే కొత్త యాంటీబయాటిక్ పరీక్ష గురించి ఒక కరపత్రం తెలుగు చేస్తున్నానండి. ‘నాన్ ఇన్‌ఫీరియారిటీ’ (కొత్త మందు పాతదానికంటే మరీ తగ్గదని తేల్చడం) దగ్గర ఆగిపోయాను. ‘అన్యూనత’ అని రాస్తే మా అమ్మ చదివి, “అన్యోన్యతా?” అంది.

జవాబు (మార్టేరు దగ్గర పల్లె): ‘తీసిపోదు’ ఉండగా ఆ సంస్కృతం ఎందుకండీ? మా నాన్న కొత్త వరి విత్తనాల చిరుసంచి తెచ్చి వేసిన ఏడు కోతలయ్యాక అన్నది ఒకటే: “స్వర్ణకి తీసిపోదు.” 1982 నాటి స్వర్ణ కంటే ఎక్కువ పండిందని కాదు. గింజ అంతే, కానీ గాలివానకి చేను పడిపోలేదు. మందుదీ అదే లెక్క. స్టాఫ్ ఆరియస్ అనే బాక్టీరియా రక్తంలో చేరినవాళ్లలో కొత్త మందు సెఫ్టోబిప్రోల్‌ని పాత మందు డాప్టోమైసిన్‌తో పోల్చిన ఫలితాలు 2023లో వచ్చాయి. లెక్కలోకి తీసుకున్న 387 మందిలో కొత్తది 69.8 శాతం మందికి పనిచేస్తే, పాతది 68.7. అంతమాత్రానికి ఇంత హడావుడా అంటారేమో. డాప్టోమైసిన్ ఊపిరితిత్తుల లోపల పూతలా ఉండే సర్ఫాక్టెంట్ అనే పదార్థానికి చిక్కి నీరుగారిపోతుంది, న్యుమోనియాకి పనికిరాదు. సెఫ్టోబిప్రోల్‌కి ఆ తంటా లేదు. 2024 ఏప్రిల్‌లో అమెరికాలో అనుమతి కూడా వచ్చింది.

ప్రశ్న అడిగినవారు: ఉత్తుత్తి మందుతో పోలిస్తే తేడా ఇట్టే తెలిసేది కదండీ?

అదే జవాబుదారు: రక్తం సెప్టిక్ అయినవాడికి ఉత్తుత్తి మందా! మనిషి దక్కొద్దూ? అందుకే పాత మందుతోనే పోటీ.

జవాబు (అమలాపురం): మాట బాగుంది కానీ నాకో అనుమానం. మన నోట ‘తీసిపోదు’ మెప్పుకోలు. “అన్నకేం తీసిపోడు” అంటే సమానమని, ఒక్కోసారి మించాడని కూడా. (‘నానాటికీ తీసికట్టు నాగంభొట్టు’లో ఉన్నదీ ఈ తీతే.) పరీక్షలో అలా కాదు. ఇంతవరకు తగ్గినా ఒప్పుకుంటామని ముందే హద్దు గీసుకుంటారు. పైన చెప్పిన పరీక్షలో అది 15 శాతం పాయింట్లు. కొత్త మందు కాస్త వెనకబడినా, ఆ హద్దు దాటి వెనకబడలేదని లెక్క తేలిస్తే నెగ్గినట్టే. రోగి సంతకం పెట్టే కాగితంలో ఉత్త ‘తీసిపోదు’ అని రాస్తే, పాపం, మెచ్చుకుంటున్నారనుకుంటాడు.

ప్రశ్న అడిగినవారు: అయితే పేరు ‘తీసిపోదని తేల్చే పరీక్ష’, కింద వివరంగా “పాత మందు కంటే తగ్గినా, ముందు పెట్టుకున్న హద్దు దాటి తగ్గదని చూస్తారు” అని పెట్టాను. అమ్మకి చదివి వినిపించాను. “ఆ హద్దు ఎంతో అది కూడా రాయవే” అంది.