ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం: రోగులు బయటికొచ్చేశారు, ఇంకా కూల్చొద్దనడం ఎందుకు?

బేగంబజార్_వాసి:
2020 జూలై వానలకు వార్డుల్లోకి మురుగునీళ్లొచ్చాయి, నెలాఖరుకు పాత భవనం ఖాళీ చేయించారు. గోషామహల్‌లో 2000 పడకల కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన కూడా అయింది. ఇక ఈ గుమ్మటాలతో పనేంటి? పడక దొరకని పేదోడికి వారసత్వం గురించి చెప్తే వింటాడా? కూల్చి, అఫ్జల్‌గంజ్‌లోనే ఇంకో మంచి బ్లాకు కట్టండి. హెరిటేజ్ అని గోల చేసేవాళ్లలో ఎంతమంది అక్కడ ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడ్డారో నాకు అనుమానమే.

సున్నం_పని:
అన్నా, ఆ చివరి మాటలో నిజముంది. కానీ పడకలు లేకపోవడానికి ఈ భవనం కారణం కాదు. 2015లోనూ ఇదే వాదనతో కూల్చుతామన్నారు. అప్పుడు వారసత్వ కట్టడాల పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ వాళ్లు పరిశీలించి, కట్టడం నిలబడగలదు, మరమ్మతు చేస్తే చాలని నివేదిక ఇచ్చారు. ఆ తర్వాత ఐదేళ్లకు వార్డుల్లో నీళ్లు. ఆ ఐదేళ్లలో కొత్త బ్లాకూ రాలేదు, పాతదానికి సరైన మరమ్మతూ జరగలేదు. కొట్లాట మాత్రం జరిగింది.

నేను పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా. గానుగ సున్నంతో, అంటే గానుగలో ఇసుకతో కలిపి నూరిన సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చి మళ్లీ బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని, గచ్చు పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. పైన వాననీటి తూములు పూడుకుంటే పైకప్పు చెమ్మగిల్లుతుంది. పగుళ్లలో రావి మొక్క మొలిస్తే పైపైన కోస్తారు, వేరు అలాగే ఉంటుంది, ఏడాదికి ఇంకా లావవుతుంది. జనం కింద నిలబడి చూసి ‘శిథిలం’ అంటారు. ఇలాంటి గోడలు చాలావరకు బాగవుతాయి. అయితే పని నిదానం, సున్నం నానబెట్టడానికే రోజులు పడుతుంది.

చార్మినార్_బస్సు:
అసలు ఈ భవనంలోనే మత్తుమందు క్లోరోఫామ్ మీద పరిశోధన జరిగింది తెలుసా? ప్రపంచ వైద్య చరిత్ర భయ్యా అది! దాన్ని కూల్చుతారా?

పాత_కాగితాలు:
అది 1880ల ముచ్చట, అప్పటికి ఈ భవనం పుట్టనే లేదు. అంతకుముందున్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 సెప్టెంబర్ మూసీ వరదలో పోయింది. ఆ తర్వాత ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, బ్రిటిష్ ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్ నమూనాతో ఇది కట్టారు. మూసీకి అవతలి ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ కూడా ఆయన నమూనాలే. కాపాడాలనేవాళ్లు తప్పు కథలు చెప్తే అవతలివాళ్ల పని సులువవుతుంది. వరద వచ్చిన రోజు ఎంతోమంది ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చింతచెట్టు ఆసుపత్రి ఆవరణలోనే ఉంది. నిజమైన కథలు అన్ని ఉండగా కల్పనలెందుకు?

బేగంబజార్_వాసి:
హైకోర్టు నిలబడిందంటే రోజూ జనం తిరుగుతున్నారు కాబట్టి. ఉస్మానియాకు తాళం వేశారు. తాళం వేసిన ఇల్లు ఎన్నాళ్లుంటుంది? ఎర్రమంజిల్ ప్యాలెస్ సంగతి గుర్తుందిగా, కొత్త అసెంబ్లీ కోసం దాన్ని కూల్చాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది. కోర్టు కూల్చడాన్ని ఆపగలదు, పైకప్పు వేయించలేదు కదా.

సున్నం_పని:
ఇది మాత్రం ఒప్పుకుంటా. అందుకే కూల్చాలా వద్దా అనే దగ్గరే తిరగడం నాకు విసుగు. ఏం పనికి వాడతారో చెప్పకుండా ‘కాపాడతాం’ అంటే, నా లెక్కలో అది మెల్లగా కూల్చడమే. కోఠి మహిళా కళాశాలలోని (ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం) పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనానికి, కట్టడాల పరిరక్షణకు సాయం చేసే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ సాయం దొరికింది. మొజంజాహీ మార్కెట్‌ను బాగుచేశారు, దుకాణాలూ నడుస్తున్నాయి. ఇక్కడ ఆపరేషన్ థియేటర్లు, ఐసీయూలు వద్దు, ఆక్సిజన్ గొట్టాల కోసం ఆ గోడలు తొలచడం నాకూ ఇష్టం లేదు. రోగుల వెంట వచ్చినవాళ్లకు వసతి పెట్టండి. మందుల పంపిణీ, రికార్డులు, నర్సింగ్ తరగతులు పెట్టండి. గోషామహల్ ఎంత దూరం?

పాత_కాగితాలు:
చట్టం వైపూ చూడండి. పాత హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) నిబంధనల్లో వారసత్వ కట్టడాలకు రక్షణ ఇచ్చిన 13వ నిబంధనను 2015లో తీసేశారు, 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. ఎర్రమంజిల్ గొడవ ఆ చట్టం వచ్చాకే కదా, అంటే చట్టం ఉన్నా కూల్చే ప్రయత్నం ఆగలేదు.

బేగంబజార్_వాసి:
వసతి గృహమంటే నాకు అభ్యంతరం లేదు. మ్యూజియం అంటే మాత్రం ఒప్పుకోను, ప్రారంభోత్సవం రోజు రిబ్బన్, ఆ తర్వాత తాళం. సరే, డబ్బు వచ్చిందే అనుకుందాం. తక్కువ కోట్ చేసిన కాంట్రాక్టర్‌కే పని ఇస్తే వాడు సిమెంటు పూయడని గ్యారంటీ ఏంటి?

సున్నం_పని:
గ్యారంటీ ఏమీ లేదు. నాకున్న టెన్షన్ కూడా అదే. టెండర్‌లోనే సున్నం పని అని రాసి, అలాంటి పని చేసిన అనుభవం చూపించమని అడగాలి. అంతకన్నా ముందు, వచ్చే వానాకాలంలోపు ఆ తూములు తీయించి మొక్కలు వేళ్లతో సహా పీకిస్తే చాలు. దానికి కోర్టు తీర్పు అక్కర్లేదు, గోషామహల్ పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు.