పాత జీపులో ఫోర్ వీల్ లో (Low) గేరు జారిపోతోంది, తెలిసినవారు చెప్పండి

మా నాన్నగారి 1991 మోడల్ మహీంద్రా ఎంఎం 540 విజయవాడలో ఇంకా నేనే నడుపుతున్నాను. ప్యూజో డీజిల్ ఇంజిన్ ఇప్పటికీ ఒక్క తిప్పుకే అందుకుంటుంది. బాధంతా ట్రాన్స్‌ఫర్ కేస్‌తోనే, అంటే ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే గేరు పెట్టెతోనే. కొండపల్లి వైపు మట్టిదారిలో ఫోర్ వీల్ లో (Low, నాలుగు చక్రాలకూ బలం అందే తక్కువ వేగపు గేరు) వేసి దిగుతూ యాక్సిలరేటర్ వదిలితే లివర్ దానంతటదే న్యూట్రల్‌లోకి జారిపోతోంది. మొన్న పక్కన మా అమ్మాయి ఉంది, గుండె ఆగినంత పనైంది. ఎక్కేటప్పుడు మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

ఆయిల్ మార్చాను, లివర్ లింకేజీ చూశాను. ఆటోనగర్‌లో ఒక మెకానిక్ కేస్ మొత్తం మార్చేయమన్నాడు. నాకు మనసొప్పడం లేదు. గేరును కదలకుండా పట్టి ఉంచే డిటెంట్ స్ప్రింగ్ బలం తగ్గినా ఇలా జారుతుందా, లేక గేరును జరిపే షిఫ్ట్ ఫోర్క్, గేరు పళ్ళు అరిగాయా? కేస్ దించకుండా తెలుసుకునే దారుందా? గుంటూరులో అయినా సరే, ఓపిగ్గా విప్పి చూసే మేస్త్రీ ఎక్కడ దొరుకుతాడు?