హైస్కూల్లో వ్యవసాయం: మార్కులున్న సబ్జెక్టు కావాలా, బడితోట చాలా?

పంటకాలువ
ప్రభుత్వ హైస్కూళ్లలో 8, 9 తరగతులకు వ్యవసాయాన్ని పరీక్ష, మార్కులు ఉన్న సబ్జెక్టుగా పెట్టాలని నా వాదన. 2019లో కేంద్రం బళ్లలో పోషకాహార తోటలు పెంచమని మార్గదర్శకాలు ఇచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల వాళ్లకు పది రోజులు బ్యాగు లేకుండా పని నేర్పమంది. రెండూ మంచివే. కానీ మార్కులు లేని పనికి మన బళ్లలో పీరియడ్ నిలవదు, సంక్రాంతి దాటితే ఆ గంట లెక్కలకో సైన్సుకో పోతుంది. మీరేమంటారు?

లెక్కల మాస్టారు
కొత్త సబ్జెక్టు ఎందుకండీ, ఉన్న పాఠాల్లోనే బోలెడంత చోటు ఉంది. శాతాల పాఠమే తీసుకోండి. ఎకరం వరికి 48 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం వెయ్యాలనుకుందాం. డీఏపీ ఎరువులో భాస్వరం 46 శాతం, అంటే 52 కిలోల డీఏపీ కావాలి. దాంట్లో నత్రజని కూడా 18 శాతం ఉంది కాబట్టి 9.4 కిలోలు అక్కడే వచ్చేసింది. మిగతా 38.6 కిలోలకు 46 శాతం నత్రజని ఉన్న యూరియా 84 కిలోలు చాలు, 45 కిలోల బస్తాలు రెండు కూడా పూర్తిగా పట్టవు. డీఏపీలోని నత్రజనిని మరిచినవాళ్లకు 104 కిలోలు వస్తుంది. ఆ ఎక్కువైన 20 కిలోలతో పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది, దోమపోటు (పైరు రసం పీల్చే పురుగు బెడద) కూడా పెరుగుతుంది. ఈ లెక్క వచ్చిన పిల్లకు శాతాలు జన్మలో మరుపు రావు.

మొలక పరీక్ష ఇంకా తేలిక. ఒకే సంచిలోంచి నాలుగు జట్లకు తలా 100 వడ్లగింజలు ఇవ్వండి. తడిగుడ్డలో పరిచి చుట్టి, ఆరనివ్వకుండా వారం పైన ఉంచి, మొలిచినవి లెక్కపెట్టమనండి. నాలుగు జట్లకూ ఒకే అంకె రాదు, సగటు ఎందుకు తియ్యాలో అప్పుడు చెప్పొచ్చు. ధ్రువీకరించిన వరి విత్తనానికి కనీసం 80 శాతం మొలక ఉండాలి. ఒక్క జాగ్రత్త: అప్పుడే కోసిన వడ్లు తేవద్దు. కొన్ని రకాలకు కోత తర్వాత కొన్ని వారాలు నిద్రావస్థ ఉంటుంది, మంచి విత్తనం కూడా మొలవక పిల్లలు తప్పుడు నిర్ణయానికి వస్తారు.

రేగడి
మాస్టారూ, లెక్క బాగుంది. కానీ చేతికి మట్టి అంటకుండా వ్యవసాయం రాదు. తోటలు ఎందుకు ఎండిపోతున్నాయో చూడాలి. బడి ఆవరణ నేల తొక్కుడుకు గట్టిపడి ఉంటుంది, పైగా బిల్డింగు కట్టినప్పటి సిమెంటు పెళ్లలు. నేరుగా తవ్వి విత్తితే వేరు దిగదు. మూడడుగుల వెడల్పు, పదడుగుల పొడవు మడి ఎత్తుగా కట్టాలి. అంతకంటే వెడల్పైతే పిల్లలు నడుమకి చెయ్యి అందక మడి తొక్కేస్తారు. పశువుల ఎరువు బాగా చివికిందే వెయ్యాలి, పచ్చిదైతే చెదలు, కలుపు రెండూ వస్తాయి.

మొదటి పంటకు తోటకూర చాలు. గింజ ఆవగింజ కన్నా చిన్నది, పదింతల సన్న ఇసుకలో కలిపి చల్లితే సమంగా పడుతుంది. చీమలు ఎత్తుకుపోకుండా మడి చుట్టూ కాస్త బియ్యపురవ్వ చల్లండి. అసలు దెబ్బ నీళ్ల దగ్గర పడుతుంది. జట్టుకో చెంబు అని ఐదు జట్లూ పోస్తే మొలక మొదలు దగ్గర కుళ్లి ఒరిగిపోతుంది. మడికి ఒక్క జట్టే బాధ్యత పడాలి. 25, 30 రోజుల్లో కూర కోతకొస్తుంది.

అయితే, తోటతో మధ్యాహ్న భోజనం గడుస్తుందని ఎవరూ ఆశపెట్టొద్దు. 6 నుంచి 8 తరగతుల పిల్లకు రోజుకు 75 గ్రాముల కూరగాయలు పెట్టాలి. 120 మందికి 9 కిలోలు, 24 పనిరోజులకు 216 కిలోలు. రెండు సెంట్ల తోటలో బాటలు పోను ఓ 55 చదరపు మీటర్లు మిగులుతుంది, చదరపు మీటరుకు నెలకు కిలో కూర వచ్చినా పావువంతు అవసరమే తీరుతుంది. ఈ లెక్క పిల్లల చేతే వేయించండి. ఊరికి తిండి పెట్టాలంటే ఎంత నేల, ఎంత నీరు కావాలో దాంతోనే తెలుస్తుంది.

నడిగడ్డ
తోట పనికి మార్కులు అన్న మాటకే నేను వ్యతిరేకం. మా గద్వాల దిక్కు పత్తి విత్తనం చేన్లల్ల క్రాసింగ్, అంటే రెండు రకాలను కలిపి హైబ్రిడ్ విత్తనం తీసుడు, ఎట్లుంటదో తెలుసా? తెల్లారి విచ్చుకునే మొగ్గను ముందునాడు సాయంత్రమే గోటితోటి వొలిచి పుప్పొడి తీసేస్తరు, పొద్దున మగ రకం పువ్వు తెచ్చి ఆ వొలిచిన మొగ్గ కొసకు రాస్తరు. వానకాలం బడి నడిచే నెలల్లనే ఈ పని. చిన్న వేళ్లయితే మొగ్గ చెడదని, కూలి తక్కువని పిల్లలను దించిండ్రు. ఎంతోమందికి బడి పోయింది. గిప్పుడు బడే పనిని మార్కులకు కడితే, చేన్ల పనికి పంపేటోళ్లకు సాకు దొరుకుతది. పేడ ఎత్తే వంతు ఎప్పుడూ ఎవరి పిల్లల మీద పడుతదో కూడా అందరం ఎరిగిందే. వంతుల పట్టిక గోడకు అంటించాలె, పురుగుల మందు కొట్టుడు పిల్లలతోటి అసలే చేయించొద్దు. ఈ రెండు లేకుంటే తోటే వద్దు.

విస్తరణ
నడిగడ్డ అన్న మాట న్యాయమైంది. మందు కొట్టించకూడదు, మందు డబ్బా మీద గుర్తు మాత్రం చదివించాలి: ఎరుపు త్రికోణం అత్యంత విషం, పసుపు దాని తర్వాత, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. ఖాళీ డబ్బాతో కాదు, బొమ్మ చూపించి చెప్పండి.

ఎవరూ ఎత్తని ఇంకో సంగతి, ఉద్యోగాలు. పదో తరగతి పిల్లకు దారులు ముందే చెప్పకపోతే నష్టం జరుగుతుంది. బీఎస్సీ అగ్రికల్చర్‌కు ఇంటర్లో బైపీసీ ఉండాలి. ఎంపీసీ తీసుకున్నవాళ్లకు వ్యవసాయ ఇంజనీరింగ్, ఫుడ్ టెక్నాలజీ బీటెక్‌లు ఉన్నాయి, కానీ రాష్ట్ర కోటాలో అగ్రికల్చర్ బీఎస్సీ సీటు ఉండదు. పది అయ్యాక నేరుగా రెండేళ్ల వ్యవసాయ పాలిటెక్నిక్‌లో చేరినవాళ్లు అగ్రిసెట్ ప్రవేశపరీక్ష రాసి డిగ్రీకి వెళ్లొచ్చు. ఇంటర్ ఒకేషనల్లో క్రాప్ ప్రొడక్షన్ కోర్సు ఉంది. ఎరువులు, పురుగుమందుల షాపు నడిపేవాళ్లకు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ, మేనేజ్, రూపొందించిన ఏడాది డిప్లొమా, దేసీ, ఉంది. వ్యవసాయం అంటే నాగలి ఒక్కటే కాదని ఈ పట్టిక చూస్తేనే తెలుస్తుంది. తొమ్మిదిలోనే చెప్పాలి, పది పరీక్షలయ్యాక చెప్తే ఆలస్యం.

పంటకాలువ
ప్రత్యేక సబ్జెక్టు పట్టు వదులుతున్నాను. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు వర్కుకు మార్కులున్నాయి. మొలక పరీక్ష, ఎరువు లెక్క, కూరల లెక్క అందులో రాయిస్తే చాలు. మార్కు రాసిన లెక్కకే పడాలి, పారపట్టిన పనికి పడకూడదు. నడిగడ్డ గారి భయానికి నాకు తోచిన విరుగుడు ఇదే. మరి వేసవి సెలవుల్లో తోటకు నీళ్లెవరు పోస్తారు?

రేగడి
ఎవరూ పోయనక్కర్లేదు. ఏప్రిల్ మొదటి వారానికి ఆఖరి కోత కోసెయ్యండి. మడులు బాగా తడిపి, పారదర్శకంగా ఉండే పల్చటి పాలిథిన్ కప్పి, అంచులు మట్టితో మూసెయ్యండి. నల్లది వద్దు, ఎండ లోపలికి దిగదు. మే ఎండకు ఆరు వారాల్లో కలుపు గింజలు, కుళ్లు తెగులు శిలీంధ్రాలు చాలామటుకు చస్తాయి. జూన్ 12న బడి తెరవగానే పాలిథిన్ తీసి పచ్చిరొట్ట ఎరువు కోసం జనుము చల్లండి, పూత దశలో, సుమారు 45 రోజులకు, కోసి మట్టిలో కలిపెయ్యండి. అది చివకడానికి రెండు వారాలు వదిలితే ఆగస్టు నడుమకి తోటకూర విత్తొచ్చు. కోతులున్న ఊళ్లలో టమాటా, జామ జోలికి మాత్రం పోవద్దు.