లేత క్రీమా, లేత బూడిదా? ఉత్తరం గదికి ఏది బాగుంటుంది?

రాజోలు కోడలు
మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. సంక్రాంతికి ఆడపడుచు వాళ్ళు వచ్చేలోగా ఉత్తరం వైపు గదికి రంగేయించాలి. ఉన్నది ఒక్కటే కిటికీ, బయటంతా కొబ్బరితోట. కింద ఎర్ర గచ్చు. షేడ్ కార్డులో రెండు తేలాయి: పసుపు తగిలీ తగలని క్రీమ్, ఇంకోటి తెలుపులో చిటికెడు బూడిద కలిపినట్టుండేది. కొట్లో బూడిదే ముచ్చటేసింది. ఇంట్లో గోడకి ఆనించి చూస్తే పాచి పట్టినట్టుంది! మావయ్యగారేమో "రెండూ తెలుపేగా" అంటున్నారు. తేడా నా ఒక్కదాని కళ్ళకేనా?

భీమవరం రంగుల మేస్త్రి
మీ కళ్ళు బానే ఉన్నాయమ్మా. కొబ్బరాకుల మీద పడ్డ వెలుగు ఆ పచ్చదనంతోనే గదిలోకొస్తుంది. పైగా ఉత్తరం గదికి చలికాలంలో ఎండ బొత్తిగా తగలదు, వచ్చేది ఆకాశం వెలుగు, అది కాస్త నీలం. బూడిద మీద ఈ రెండూ ఇట్టే తెలిసిపోతాయి. క్రీమ్‌లోని పసుపు ఆ నీలాన్ని కొంత అణుస్తుంది. కాకపోతే ఎర్ర గచ్చు ఛాయ కూడా గోడలకెక్కుతుంది, క్రీమ్ ముదురైతే గది కాషాయం తిరుగుతుంది. అదే వరసలో ఒక మెట్టు లేతది అడగండి. షేడ్‌కి ఎల్.ఆర్.వి. అని ఒక అంకె ఉంటుంది, గోడ ఎంత వెలుగు తిప్పి పంపుతుందో చెప్పేది. 0 అంటే నలుపు, 100 అంటే తెలుపు. మీ గదికి నేనైతే 75కి తగ్గనివ్వను.

కాకినాడ ఫ్లాటు
మేం బూడిదే వేయించామండి, హాయిగా ఉంది. మాది ఐదో అంతస్తు, పడమటి ఎండ, కనుచూపు మేర చెట్టు లేదులెండి. రాత్రి మాత్రం 6500 కెల్విన్ తెల్ల ట్యూబులైటు కింద ఆసుపత్రి వార్డులా ఉండేది. 3000 కెల్విన్‌వి, పసుపు వెలుగు బల్బులు పెట్టాక సర్దుకుంది.

రాజోలు కోడలు
మాదీ ఆ తెల్ల ట్యూబులైటేనండీ బాబూ! మేస్త్రిగారూ, గోడ మీదే కొంచెం పూసి చూడమంటారా?

భీమవరం రంగుల మేస్త్రి
వద్దమ్మా, పాత రంగు పక్కనుంటే కన్ను మోసపోతుంది. పెద్ద అట్టకి తెల్ల ప్రైమరు కొట్టి, దాని మీద రంగు రెండు పూతలు వేయండి. ఆరాక కిటికీ పక్క గోడకోసారి, ఎదురు గోడకోసారి ఆనించండి. పొద్దున్న, సాయంత్రం, రాత్రి లైటేశాక, మూడుసార్లూ చూడాలి. తడి మీద చూసి తేల్చేయకండి, ఆరితే షేడు మారుతుంది. ఇంకోమాట, గోడ అడుగున చెమ్మ ఉందా? ఉప్పు పొంగుతుంటే ముందు దాని సంగతి చూడండి. లేకపోతే ఏ రంగేసినా పొరలుగా లేచిపోద్ది.

రాజోలు కోడలు
కిటికీ కింద కొంచెం పొంగిందండి. ముందు అది గీకించి ఆరబెడతాం. ఈలోగా లేత క్రీమ్ చిన్న డబ్బా తెప్పిస్తా. సీలింగుకీ అదేనా?

భీమవరం రంగుల మేస్త్రి
సీలింగుకి తెలుపేనమ్మా.