బెన్ షెర్మన్ కోటులో సీజన్ మారితే మారేదేమిటి?

దర్జీ పని తెలిసినవారు, బ్రిటిష్ ఫ్యాషన్‌ను గమనించేవారు నా సందేహం తీర్చగలరని మనవి. 1963లో ఆర్థర్ బెంజమిన్ షుగర్‌మన్ బ్రైటన్‌లో ప్రారంభించిన దుస్తుల సంస్థ బెన్ షెర్మన్, కాలరు కొనలకు గుండీలుండే ఆక్స్‌ఫర్డ్ బట్ట చొక్కాలతో మాడ్ యువతకు (1960ల బ్రిటన్‌లో నాజూకైన దుస్తులకు పేరుపడ్డ యువ బృందం) దగ్గరై, నేటికీ ఆ 1960ల రూపాన్నే కొత్త దుస్తుల్లో తిరిగి చూపిస్తోంది. ఆ చొక్కాకు మెడ వెనుక కూడా ఒక గుండీ, వీపున మడత, దానిపై చిన్న ఉచ్చు ఉంటాయి (ఆ ఉచ్చు అమెరికన్ చొక్కాల నుంచి వచ్చినదే). మాడ్ కోటుకైతే సన్నని లాపెల్ (ఛాతీపై వెనక్కి మడిచిన కోటు అంచు), మూడు గుండీలు, వెనుక రెండు పక్కలా చీలికలు గుర్తులు.

సీజన్ మారినప్పుడు ఇలాంటి సంస్థలు పాత ప్యాటర్న్‌నే (బట్ట కత్తిరించే నమూనా) ఉంచి బట్ట, రంగు, లైనింగు మాత్రమే మారుస్తాయా, లేక భుజం వాలు, చంక రౌండు (చెయ్యి అతికే గుండ్రటి కోత), లాపెల్ వెడల్పు కూడా నేటి కొలతలకు, సాగే బట్టకు తగినట్టు మళ్లీ గీస్తాయా? చంక రౌండు కిందికి దిగితే లాపెల్ ఎంత సన్నగా ఉన్నా ఆ కాలపు ఆకారం రాదని నా అభిప్రాయం. పాత కోటునూ కొత్త కోటునూ పక్కపక్కన పెట్టి కొలిచినవారు ఉంటే, ముఖ్యంగా భుజం, చంక దగ్గర కనిపించిన తేడాలను దయచేసి వివరించగలరు.